తిరగరాసే హక్కు ఎవరిది?

అప్లికేషన్ మనిషి: జావాలో ఏదైనా ఆబ్జెక్టును ఉన్నదున్నట్టు ప్రింట్ చేసి చూడండి. క్లాసు పేరు, దాని పక్కన ఎట్ గుర్తు, ఆ వెనుక అర్థంపర్థం లేని ఓ హెక్సాడెసిమల్ సంఖ్య వస్తాయి. అన్ని క్లాసులకూ మూలమైన ఆబ్జెక్ట్ క్లాసులో టూస్ట్రింగ్ అనే మెథడ్ చేసే పని అంతే. అంతకన్నా అది మాత్రం ఏం చేయగలదు? రేపు ఎవరో బ్యాంకు ఖాతాకు క్లాసు రాస్తారనీ, అందులో ఖాతా నంబరూ నిల్వా ఉంటాయనీ దానికెలా తెలుస్తుంది? అందుకే చైల్డ్ క్లాసులో అదే పేరుతో, అవే పారామీటర్లతో ఆ మెథడ్‌ను మళ్లీ రాస్తాం. పిలిచేవారు పేరెంట్‌ను పిలిచినట్టే పిలుస్తారు, నడిచేది మాత్రం చైల్డ్ రాసిన కోడ్. ఓవర్‌రైడింగ్ అంటే ఇంతే. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిములా 67 భాషలో వర్చువల్ ప్రొసీజర్లు పెట్టింది ఇందుకే. ఇది తీసేస్తే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో మిగిలేది డేటాకు తగిలించిన ఫంక్షన్లే.

లైబ్రరీ మనిషి: టూస్ట్రింగ్‌తో ఎవరికీ తగాదా లేదండీ. అది తిరగరాయమని పిలిచి మరీ పెట్టిన మెథడ్. ప్రతి క్లాసూ దాన్ని ఓవర్‌రైడ్ చేస్తే మంచిదని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది. తగాదా అంతా పిలవని చోటికి వెళ్లడం గురించి. జాషువా బ్లాక్ 2001లో వేసిన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. ఒక హ్యాష్‌సెట్‌లోకి ఎన్నిసార్లు ఐటమ్‌లు చేర్చారో లెక్కపెట్టాలి. దాన్ని ఎక్స్‌టెండ్ చేసి, ఒక్కో ఐటమ్ చేర్చే యాడ్‌నూ, గుంపుగా చేర్చే యాడ్‌ఆల్‌నూ ఓవర్‌రైడ్ చేస్తారు. రెండింట్లోనూ ముందు కౌంటర్ పెంచి, తర్వాత సూపర్ ద్వారా అసలు పనిని పేరెంట్‌కు అప్పగిస్తారు. కోడ్ చూస్తే ఎక్కడా వంక పెట్టలేం. మూడు ఐటమ్‌లు యాడ్‌ఆల్‌కు ఇస్తే మాత్రం కౌంటర్ 6 చూపిస్తుంది. హ్యాష్‌సెట్‌లోని యాడ్‌ఆల్ లోలోపల ఒక్కో ఐటమ్‌కూ యాడ్‌ను పిలుస్తుంది. ఆ పిలుపు పేరెంట్ యాడ్‌కు కాకుండా చైల్డ్ యాడ్‌కు వచ్చి చేరుతుంది. మూడు అక్కడ, మూడు ఇక్కడ.

అప్లికేషన్ మనిషి: ఆ తప్పు ఓవర్‌రైడింగ్‌ది కాదు, దాపరికానిది. యాడ్‌ఆల్ లోపల యాడ్‌ను పిలుస్తుందని ముందే చెప్పి ఉంటే యాడ్ ఒక్కదాన్నే ఓవర్‌రైడ్ చేసి ఊరుకునేవారు. లెక్క సరిపోయేది.

లైబ్రరీ మనిషి: ఈ రోజుకు సరిపోయేది. రేపు యాడ్‌ఆల్‌ను వేగంగా చేద్దామని, యాడ్‌ను పిలవకుండా నేరుగా లోపలి పట్టికలో పెట్టేస్తే? అప్పుడు ఆ కౌంటర్ 0 దగ్గరే కూర్చుంటుంది. హ్యాష్‌సెట్ రాసినవారు ఏ మాటా తప్పలేదు. ఐటమ్‌లు చేరాయి, ఒకే ఐటమ్ రెండుసార్లు రాలేదు. అయినా ఎక్కడో ఎవరి ప్రోగ్రామో చెడింది. ముందే చెప్పాలంటున్నారు. చెప్పడం అంటే మాట ఇవ్వడం కదా! మాట ఇచ్చాక లోపలి అమరిక మార్చే వీలు పోతుంది. క్లాసు లోపలి సంగతి బయటివారికి అక్కర్లేదన్నదే ఎన్‌క్యాప్సులేషన్. వారసత్వం దానికి గండి కొడుతుందని అలన్ స్నైడర్ 1986లో, ఊప్స్లా సదస్సు మొదటిసారి జరిగినప్పుడే, పేపర్ రాశారు. పేరెంట్‌లో నిక్షేపంగా ఉన్న మార్పు చైల్డ్‌ను కూల్చే ఈ జబ్బుకు ఫ్రాజైల్ బేస్ క్లాస్ అని పేరు కూడా పడింది. 1998లో మిఖైలోవ్, సెకెరిన్‌స్కీ దాని మీద పనిగట్టుకుని పరిశోధనే చేశారు.

అప్లికేషన్ మనిషి: జబ్బు ఉంది, కాదనడం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాటి సంగతీ మాట్లాడదాం. అదే జావాలో లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ ఉంది. అందులో రిమూవ్‌ఎల్డెస్ట్‌ఎంట్రీ అనే మెథడ్ ఊరికే ఫాల్స్ అని చెప్పి తప్పుకుంటుంది. దాన్ని ఓవర్‌రైడ్ చేసి, సైజు వంద దాటితే ట్రూ అని చెప్పండి. కొత్త ఎంట్రీ చేరిన ప్రతిసారీ అన్నిటికన్నా పాతది దానంతటదే పోతుంది. మూడు లైన్లలో కాష్ తయారు! ఎచ్‌టీటీపీసర్వ్‌లెట్ సంగతీ అంతే. వచ్చిన రిక్వెస్టు ఏ రకమో చూసి పంచిపెట్టే పని పేరెంట్ చేసుకుంటుంది. డూగెట్, డూపోస్ట్ మీరు రాసుకుంటారు. రాయకపోతే ఈ పద్ధతి ఇక్కడ లేదని బ్రౌజర్‌కు 405 పోతుంది. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌లో గెట్, సైజ్ అనే రెండు మెథడ్లు రాస్తే చాలు, చదువుకోవడానికి పూర్తిస్థాయి లిస్టు చేతికొస్తుంది. వెతకడం, తిరగడం, పోల్చడం అన్నీ పేరెంట్ ఇస్తుంది. రెండు మెథడ్ల ఖర్చుకు ఇంత ఆదాయం ఇచ్చే పద్ధతి ఇంకొకటి చూపించండి.

లైబ్రరీ మనిషి: ఇవన్నీ ఓవర్‌రైడ్ కోసమే కొలిచి పెట్టిన చోట్లు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పేరెంట్ చేతిలోనే ఉంది, మధ్యలో ఖాళీ పూరించడమే చైల్డ్ పని. అద్దెకు దిగినవారు గోడకు మేకు కొట్టుకోవచ్చు, నచ్చిన రంగు వేసుకోవచ్చు, పిల్లర్ జోలికి మాత్రం పోకూడదు. ఇబ్బందల్లా జావాలో ఏది గోడో ఏది పిల్లరో పైకి తెలియకపోవడమే. ఫైనల్ అని రాయకపోతే ప్రైవేట్, స్టాటిక్ కాని ప్రతి మెథడూ ఓవర్‌రైడ్‌కు తెరిచి ఉన్నట్టే లెక్క. సి ప్లస్ ప్లస్‌లో బ్యార్నె స్ట్రౌస్‌ట్రప్ దీన్ని తిప్పి పెట్టారు. వర్చువల్ అని రాస్తేనే చైల్డ్ మాట చెల్లుతుంది. సి షార్ప్‌లో ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ ఇంకో మెట్టు ఎక్కి, పేరెంట్ వర్చువల్ అనీ, చైల్డ్ ఓవర్‌రైడ్ అనీ ఇద్దరూ రాసి తీరాలన్నారు. ఎందుకని 2003లో ఒక ఇంటర్వ్యూలో అడిగితే, వేగం ఒక కారణమనీ, వెర్షన్ల గొడవ అంతకన్నా పెద్ద కారణమనీ చెప్పారు.

అప్లికేషన్ మనిషి: వేగం మాట ఇక పక్కన పెట్టొచ్చు. ఒక మెథడ్‌ను ఏ చైల్డూ ఓవర్‌రైడ్ చేయలేదని తెలిస్తే జావా హాట్‌స్పాట్ వర్చువల్ మెషిన్ దాన్ని నేరుగానే పిలుస్తుంది, వీలైతే పిలిచే చోటే కోడ్‌ను పరిచేస్తుంది. తర్వాత ఓవర్‌రైడ్ చేసే క్లాసు లోడ్ అయితే చేసిందాన్ని వెనక్కి తీసుకుంటుంది.

లైబ్రరీ మనిషి: వేగం వదిలేద్దాం. వెర్షన్ల సంగతి చూడండి. మీరు ఎవరిదో లైబ్రరీ క్లాసును ఎక్స్‌టెండ్ చేసి, రీసెట్ అని సొంత మెథడ్ ఒకటి రాసుకున్నారు. పేరెంట్‌లో ఆ పేరే లేదు. ఏడాది తర్వాత కొత్త వెర్షన్‌లో పేరెంట్‌కే రీసెట్ వచ్చింది, లోపల పది చోట్ల దాన్ని పిలుస్తున్నారు. జావాలో మీ మెథడ్ ఆ క్షణం నుంచి ఓవర్‌రైడ్ అయిపోతుంది. మీరు అడగలేదు, వారు అడగలేదు, కంపైలర్ నోరెత్తలేదు. సి షార్ప్‌లో అయితే మీరు ఓవర్‌రైడ్ అని రాయలేదు కాబట్టి రెండూ వేర్వేరు మెథడ్లుగానే ఉంటాయి, మళ్లీ కంపైల్ చేసినప్పుడు హెచ్చరిక కనిపిస్తుంది. ఒక కీవర్డు రాయడానికి బద్ధకిస్తే కట్టే మూల్యం ఇది.

ఈ కీవర్డు దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవారెవరైనా ఓవర్‌లోడింగ్‌కూ ఓవర్‌రైడింగ్‌కూ తేడా నిద్రలో లేపి అడిగినా చెబుతారు, ఇంటర్వ్యూలో మొదటి అరడజను ప్రశ్నల్లో అది ఉంటుంది గనక. అలా చెప్పగలిగినవారే ఈక్వల్స్ మెథడ్‌కు ఆబ్జెక్ట్ బదులు సొంత క్లాసును పారామీటరుగా ఇచ్చి, ఓవర్‌రైడ్ చేశామనుకుని ఓవర్‌లోడ్ చేసి కూర్చుంటారు. హ్యాష్‌సెట్ ఆ కొత్త మెథడ్ ముఖం కూడా చూడదు, పాతదాన్నే పిలుస్తుంది. సి ప్లస్ ప్లస్‌లో ఒక కాన్‌స్ట్ మరిచిపోయినా ఇదే తంతు. జావా 5లో, అంటే 2004లో, ఓవర్‌రైడ్ అనే యానొటేషన్ వచ్చింది. సి ప్లస్ ప్లస్‌కు 2011 ప్రమాణంలో, టైప్‌స్క్రిప్ట్‌కు 2021లో, పైథాన్‌కు 2023లో 3.12 వెర్షన్‌తో ఇలాంటిదే అందింది. ఇన్ని భాషలు, ఇన్నేళ్ల తేడాతో, ఒకే చోటికి రావడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఇది చైల్డ్ తన ఉద్దేశం చెప్పుకునే పద్ధతి మాత్రమే. పేరెంట్ అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది తేలనే లేదు.

అప్లికేషన్ మనిషి: అనుమతి ఇచ్చాకే ముట్టుకోవాలంటే ఏమవుతుందో కోట్లిన్ చూపించింది. 2016లో 1.0 వచ్చినప్పటి నుంచీ అందులో క్లాసులు, మెథడ్లు మూసే ఉంటాయి, ఓపెన్ అని రాస్తేనే తెరుచుకుంటాయి. వారసత్వం కోసం సిద్ధం చేయని క్లాసును మూసి ఉంచమన్న ఎఫెక్టివ్ జావా సలహాను భాషే పాటించిందన్నమాట. బాగానే ఉంది. కానీ స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ ట్రాన్సాక్షన్ల వంటివి నడపడానికి మీ క్లాసుకు నడిచే సమయంలో చైల్డ్ క్లాసు తయారు చేసి, మెథడ్లను ఓవర్‌రైడ్ చేస్తుంది. మూసిన క్లాసుతో అది కుదరదు. చివరికి ఏం చేశారు? ఫలానా యానొటేషన్లు ఉన్న క్లాసులన్నిటినీ చాటుగా తెరిచేసే ఆల్-ఓపెన్ అనే కంపైలర్ ప్లగిన్ ఇచ్చారు. ముందు తలుపుకు తాళం, దొడ్డి తలుపు బార్లా. టెస్టుల కోసం నకిలీ ఆబ్జెక్టులు చేసే మొకీటోకూ ఫైనల్ క్లాసులతో ఏళ్లతరబడి ఇదే తిప్పలు. ఓవర్‌రైడింగ్‌ను వదిలి బైట్‌కోడ్‌నే మార్చే దారి పట్టాల్సి వచ్చింది.

లైబ్రరీ మనిషి: అవి రెండూ ఉపకరణాల అవసరాలు. ఫ్రేమ్‌వర్క్ తన సౌకర్యం కోసం వాడుకున్న కిటుకుకు భాష డిజైన్ తలవంచాలా?

అప్లికేషన్ మనిషి: మనుషుల అవసరమే చెబుతాం. 2016లో స్విఫ్ట్ 3 వచ్చే ముందు, మాడ్యూల్ బయటినుంచి క్లాసును ఎక్స్‌టెండ్ చేయాలంటే పబ్లిక్ సరిపోదు, ఓపెన్ అని ఉండాలన్న ప్రతిపాదన వచ్చింది. దాని మీద పెద్ద రభసే జరిగింది. వద్దన్నవారి వాదన చాలా లౌకికమైనది: ఫ్రేమ్‌వర్క్‌లో బగ్ ఉంది, దాని సోర్స్ కోడ్ చేతిలో లేదు, యాప్ విడుదల ఈ వారమే. ఆబ్జెక్టివ్-సి రోజుల్లో సబ్‌క్లాస్ చేసి, చెడిన మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి గండం గట్టెక్కేవారు. రాసినవారు ఊహించని అవసరం వచ్చినప్పుడే కదా ఈ తెరిచి ఉన్న తలుపు పనికొచ్చేది! ముందే ఊహించినవాటికి వారే తలుపు పెడతారు. ఊహించనివాటికి అనుమతి ఎవరిని అడగాలి?

లైబ్రరీ మనిషి: ప్రతిపాదన చివరికి నెగ్గింది, ఎందుకో ఆలోచించండి. బగ్ కోసం చేసిన ఓవర్‌రైడ్ ఆ బగ్ పోయిన తర్వాత కూడా ఉండిపోతుంది. ఫ్రేమ్‌వర్క్ వారు దాన్ని సరిచేస్తే, మీ పాత సవరణ దాని మీద పడి కొత్త తప్పు పుడుతుంది. యాప్ చెడితే వాడేవారు తిట్టేది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌ను. ఇక భద్రత సంగతి. జావాలో ప్రొవైడర్ అనే క్లాసు ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరుకూ దాన్ని అమలు చేసే క్లాసుకూ ముడిపెట్టి ఉంచుతుంది. అది ప్రాపర్టీస్‌కు చైల్డ్, ప్రాపర్టీస్ హ్యాష్‌టేబుల్‌కు చైల్డ్. ఆ ముడులను ఎవరూ తెంపకుండా ప్రొవైడర్ పుట్, రిమూవ్ మెథడ్లను ఓవర్‌రైడ్ చేసి, అనుమతి ఉందో లేదో చూసేది. పకడ్బందీగానే ఉంది. జావా 1.2లో తాతగారికి, అంటే హ్యాష్‌టేబుల్‌కు, ఎంట్రీసెట్ అనే కొత్త మెథడ్ పెట్టారు. దాంట్లోంచి కూడా ఎంట్రీలు తీసేయొచ్చు. మనవడికి ఆ కబురు అందలేదు. రిమూవ్ దగ్గర కాపలా కాస్తూనే ఉన్నాడు, చొరబాటుదారుకు ఎంట్రీసెట్ దారి తెరుచుకుంది. ఓవర్‌రైడింగ్‌తో కాపలా కాయడంలో ఉన్న లొసుగు ఇదే. ఉన్న మెథడ్లనే కాయగలం, రేపు పుట్టబోయేవాటిని కాయలేం.

అప్లికేషన్ మనిషి: కథ నిజమే, నేరస్థుడే వేరు. ప్రొవైడర్ హ్యాష్‌టేబుల్ వంశంలో పుట్టడమేమిటి? అది పట్టికను వాడుకోవాలి గానీ తనే పట్టిక అయిపోకూడదు. స్టాక్ వెక్టర్‌కు చైల్డ్ కావడమూ ఇలాంటిదే, పైనుంచి మాత్రమే తీయాల్సిన దొంతరలో మధ్యలో చెయ్యి పెట్టనిస్తుంది. ఇవన్నీ జావా లైబ్రరీ రాసినవారు సొంత ఇంట్లో చేసుకున్న తప్పులు. బయటివారికి తాళం వేస్తే ఇంట్లోవారికి బుద్ధి వస్తుందా?

లైబ్రరీ మనిషి: రాదు. ఒప్పుకోవాల్సిందే. ఆ భాషను కట్టినవారే ఓవర్‌రైడింగ్‌ను అదుపులో పెట్టలేకపోతే, గడువు తరుముతుంటే రాసే సామాన్య డెవలపర్ ఏం పెడతారు అన్నది మాత్రం అడగాలి.

అప్లికేషన్ మనిషి: ఇప్పుడు అటునుంచి చూద్దాం. తెరిచినట్టే తెరిచి, మీవారు మా మాట వినని సందర్భాలున్నాయి. పైథాన్‌లో డిక్ట్‌ను ఎక్స్‌టెండ్ చేసి, కీ ఇస్తే విలువ తెచ్చే గెట్‌ఐటమ్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయండి. చదరపు బ్రాకెట్లతో అడిగితే మీ కోడ్ నడుస్తుంది, అదే డిక్ట్‌ను గెట్ అని అడిగితే మీ ఊసే ఉండదు. సెట్‌ఐటమ్ ఓవర్‌రైడ్ చేసినా అప్‌డేట్ దాన్ని పట్టించుకోదు. జాంగోలో మోడల్‌కు ఉన్న సేవ్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, సేవ్ అయ్యేముందు లెక్కలు సరిచూసే కోడ్ పెట్టుకుంటారు, అది అందరూ చేసే పని. బల్క్ క్రియేట్‌తోనో, క్వెరీసెట్ అప్‌డేట్‌తోనో వేల వరసలు ఒకేసారి డేటాబేస్‌లోకి పోతాయి. మీ సేవ్‌ను ఒక్కసారి కూడా పిలవరు. డాక్యుమెంటేషన్‌లో హెచ్చరిక ఉందంటారు. ఉంది. ఎక్కువమంది అది చదివేది డేటా చెడిన తర్వాతే.

లైబ్రరీ మనిషి: వేల వరసలకు వేలసార్లు సేవ్ పిలిస్తే బల్క్ అనే మాటకు అర్థమే లేదు కదండీ. డిక్ట్ సంగతీ వేగం కోసమే. పైథాన్‌లో అన్నిటికీ ఆధారం అదే, దాని లోపలి పిలుపులన్నీ ఓవర్‌రైడ్ ఉందేమోనని ఆగి చూసుకుంటూ పోతే భాషంతా నెమ్మదిస్తుంది. ఎక్స్‌టెండ్ చేసుకోవాలనేవారి కోసం యూజర్‌డిక్ట్ అని విడిగా ఉండనే ఉంది. అది ఒక పద్ధతిగా ఓవర్‌రైడ్‌లను గౌరవిస్తుంది. మీరు చెప్పిన ఫిర్యాదు నిజానికి మా వాదనకే బలం. సగం తెరిచిన తలుపుకన్నా మూసిన తలుపు నయం. డిక్ట్ ఎక్స్‌టెండ్ కాకుండా ఉంటే, అందరూ మొదటిరోజే యూజర్‌డిక్ట్ వెతుక్కునేవారు.

అప్లికేషన్ మనిషి: ఏ తలుపు సగం తెరిచిందో భాషకు భాషకు మారుతుంది, అదీ చెప్పండి. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ లోపల ఓవర్‌రైడ్ అయిన మెథడ్‌ను పిలిస్తే ఏమవుతుంది? జావాలో చైల్డ్ మెథడ్ నడుస్తుంది, అప్పటికి చైల్డ్ ఫీల్డులు ఇంకా నింపి ఉండవు కాబట్టి నల్ తగిలి కూలొచ్చు. సి ప్లస్ ప్లస్‌లో చైల్డ్ ఇంకా పుట్టలేదన్న లెక్కన పేరెంట్ మెథడే నడుస్తుంది. రెండు చోట్లా కోడ్ చూడ్డానికి ఒకటే.

లైబ్రరీ మనిషి: కన్‌స్ట్రక్టర్‌లో పిలవొద్దన్నది రెండు భాషల పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. అంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. కంపైలర్ పేరు చూస్తుంది, పారామీటర్లు చూస్తుంది, తిరిగొచ్చే టైపు చూస్తుంది. ప్రవర్తన చూడదు. పేరెంట్‌ను నమ్ముకుని రాసిన కోడ్, చైల్డ్ చేతికొచ్చినా నిశ్చింతగా నడవాలి. బార్బరా లిస్కోవ్ 1987లో ఊప్స్లా ప్రసంగంలో లేవనెత్తి, 1994లో జానెట్ వింగ్‌తో కలిసి పేపర్‌గా రాసింది ఈ సంగతే. జావాలో ఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్ అనేది మామూలు డేట్‌కు చైల్డ్. టైమ్‌స్టాంప్‌కు నానోసెకన్లు ఉంటాయి కాబట్టి ఈక్వల్స్‌ను ఓవర్‌రైడ్ చేశారు. ఫలితం చూడండి: ఈ డేట్ ఆ టైమ్‌స్టాంప్‌కు సమానమా అంటే అవునని రావచ్చు, ఆ టైమ్‌స్టాంప్ ఈ డేట్‌కు సమానమా అంటే ఎప్పుడూ కాదు. రెంటినీ ఒకే లిస్టులో వేసి వెతికితే, ఏది ఏ వైపున ఉందన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. టైమ్‌స్టాంప్‌ను డేట్ అనుకుని వాడొద్దని డాక్యుమెంటేషన్ మొత్తుకుంటుంది. డేట్ అనుకోకూడనప్పుడు డేట్‌కు చైల్డ్‌గా ఎందుకు పుట్టించారో!

అప్లికేషన్ మనిషి: లిస్కోవ్ నియమం పాటించాలంటే పేరెంట్ ఏం మాట ఇచ్చిందో తెలియాలి. ఎన్ని క్లాసుల్లో అది రాసి ఉంది? ఐఫెల్ భాషలో బెర్ట్రండ్ మేయర్ దాన్ని కోడ్‌లో భాగం చేశారు. ప్రతి మెథడ్‌కూ ముందు షరతు, తర్వాతి హామీ రాస్తారు. ఓవర్‌రైడ్ చేసేవారు షరతును సడలించవచ్చు, హామీని పెంచవచ్చు, అటుదిటు చేయలేరు. ప్రోగ్రాం నడుస్తుండగా యంత్రమే సరిచూస్తుంది. నలభై ఏళ్లు కావస్తోంది, పెద్ద భాషలేవీ దాన్ని పూర్తిగా అందుకోలేదు. ఓవర్‌రైడింగ్ ప్రమాదమని గోల చేయడం తేలిక. దాన్ని భద్రంగా చేసే పద్ధతి ఎదురుగా ఉన్నా ఎక్కువమంది తీసుకోలేదంటే, రాసేవారి ఓపిక గురించి మనకు తెలిసేది ఎక్కువ.

లైబ్రరీ మనిషి: ఓపిక లేదని తెలిశాక, తక్కువ ఓపిక అడిగే దారి చూపించాలి కదా. 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకమే వారసత్వం కన్నా ఆబ్జెక్టులను జతచేసుకోవడం మేలని చెప్పింది. గో భాష 2009లో వారసత్వమే లేకుండా వచ్చింది, రస్ట్ కూడా అంతే. జావా సైతం ఆ దారికి వస్తోంది. థ్రెడ్‌లోకల్‌కు మొదటి విలువ ఇవ్వాలంటే ఒకప్పుడు ఇనీషియల్‌వాల్యూ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేస్తూ ఒక పేరులేని క్లాసు రాసేవారు. జావా 8 నుంచి విత్‌ఇనీషియల్‌కు ఒక లాంబ్డా ఇస్తే సరి. క్లాసు లేదు, పేరెంట్ లేదు, సూపర్ లేదు. ఆ లెక్కపెట్టే హ్యాష్‌సెట్‌నూ అలాగే రాయొచ్చు. ఎక్స్‌టెండ్ చేయకుండా, ఒక సెట్‌ను లోపల పెట్టుకుని, వచ్చిన ప్రతి పిలుపునూ దానికి అందిస్తూ పక్కన లెక్క రాసుకునే క్లాసు. లోపలి యాడ్‌ఆల్ దాని సొంత యాడ్‌ను పిలుచుకుంటుంది, పై కౌంటర్ జోలికి రాదు. మూడు ఇస్తే మూడే.

అప్లికేషన్ మనిషి: మూడే వస్తుంది, ఎందుకంటే లోపలి సెట్‌కు పైనున్నవారు ఎవరో తెలియదు. ఆ తెలియకపోవడమే ఇంకోచోట గుదిబండ. కోట్లిన్‌లో బై అనే మాటతో ఈ అందింపు పనిని భాషే చేసిపెడుతుంది, పదుల మెథడ్లు చేత్తో రాయక్కర్లేదు. కానీ పైన మీరు మార్చిన మెథడ్‌ను లోపలి ఆబ్జెక్టు పిలవదని డాక్యుమెంటేషనే చెబుతుంది. లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ను ఇలా చుట్టి రిమూవ్‌ఎల్డెస్ట్‌ఎంట్రీని పైన రాయండి చూద్దాం. లోపలి మ్యాప్ తన పాత మెథడ్‌ను అడుగుతుంది, అది ఫాల్స్ అంటుంది, మ్యాప్ పెరుగుతూనే ఉంటుంది. పేరెంట్ లోలోపలి పిలుపు చైల్డ్‌కు చేరడమే అక్కడ కావాల్సింది.

విచిత్రం ఏమిటంటే ఈ చివరి రెండు మాటలూ ఒకే గుణం గురించి. పేరెంట్ తన మెథడ్‌ను తాను పిలిచినప్పుడు అది చైల్డ్‌కు చేరడం హ్యాష్‌సెట్‌లో 6 తెచ్చింది, లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌లో మూడు లైన్ల కాష్ తెచ్చింది. భాషకు ఈ తేడా తెలియదు. పేరెంట్ రాసినవారు అనుకుని పిలిచారా, అనుకోకుండా పిలిచారా అన్నది ఒక్కటే తేడా.

లైబ్రరీ మనిషి: అందుకే డిఫాల్ట్ మూసి ఉండాలంటున్నాం. మూసినదాన్ని రేపు తెరవొచ్చు, ఎవరి ప్రోగ్రామూ చెడదు. తెరిచినదాన్ని మూయడం కుదరదు. జావా 1.1లో బిగ్‌ఇంటిజర్ క్లాసు రాసినప్పుడు ఫైనల్ పెట్టలేదు. విలువ మారకూడని క్లాసుకు చైల్డ్‌లు కూడా ఉండకూడదన్న ఎరుక అప్పట్లో అంతగా లేదు. తర్వాత తెలిసింది, కానీ అప్పటికే ఎవరెవరు ఎక్స్‌టెండ్ చేశారో ఎవరికి తెలుసు? ఇప్పటికీ తెరిచే ఉంది. బయటినుంచి వచ్చిన బిగ్‌ఇంటిజర్‌ను నమ్మాలంటే, అది అసలుదేనా, ఎవరైనా మెథడ్లు మార్చిన చైల్డా అని క్లాసు చూసుకుని, అనుమానమైతే నకలు తీసుకోవాలి. ఒక్క మాట రాయకపోయిన ఖర్చు పాతికేళ్లు దాటినా తీరలేదు.

అప్లికేషన్ మనిషి: రేపు తెరవొచ్చంటారు, అది లైబ్రరీవారి రేపు. అప్లికేషన్‌కు కావాల్సింది ఈ రోజు. ఇంకో సంగతి, మీరే ఈ తలుపు వాడుకున్న రోజు ఉంది. 2014లో జావా 8 ఇంటర్‌ఫేస్‌లకు డిఫాల్ట్ మెథడ్లు తెచ్చింది. ప్రపంచంలో ఉన్న ప్రతి కలెక్షన్ క్లాసుకూ రాత్రికి రాత్రే రిమూవ్‌ఇఫ్ వచ్చి చేరింది, నచ్చనివారు ఓవర్‌రైడ్ చేసుకోవచ్చన్నారు. అపాచీ కామన్స్‌లో సింక్రనైజ్డ్‌కలెక్షన్ అనే క్లాసు ప్రతి పిలుపుకూ ముందు తాళం తీసుకుంటుంది. కొత్తగా వచ్చిన రిమూవ్‌ఇఫ్‌కు ఆ తాళం సంగతి తెలియదు. 4.4 వెర్షన్‌లో ఓవర్‌రైడ్ చేసేదాకా అది తాళం లేకుండానే నడిచింది. పాత లైబ్రరీని కూల్చకుండా పెంచుకోవడానికి మీకు ఓవర్‌రైడింగే దిక్కైంది.

లైబ్రరీ మనిషి: దిక్కైంది, దెబ్బా కొట్టింది. రెండూ మీ నోటితోనే చెప్పారు. అయినా ఆ మార్పు చేయకపోతే స్ట్రీమ్‌లు జావా కలెక్షన్లలోకి వచ్చేవే కావు, అది కాదనలేం.

అప్లికేషన్ మనిషి: సరే, క్లాసులన్నీ మూసేశారనుకుందాం. ఫైనల్ క్లాసులో బగ్ దొరికింది, సవరణ పంపితే తర్వాతి వెర్షన్‌లో చూద్దామన్నారు. ఎవరైనా చేసేది ఒకటే. ఆ ఫైలు మొత్తం కాపీ చేసి, ప్యాకేజీ పేరు మార్చి, అందులో నాలుగు లైన్లు దిద్దుకుని వాడుకుంటారు. ఓవర్‌రైడ్ అయితే మార్చింది ఒక్క మెథడ్, మిగతా క్లాసుకు వచ్చే ప్రతి మెరుగూ అందేది. కాపీకి ఏదీ అందదు.

లైబ్రరీ మనిషి: కాపీ చేసినవారికి ఆ కోడ్ ఇక తమదేనని తెలుసు. రిపాజిటరీలో కళ్లెదుట ఉంటుంది. ఓవర్‌రైడ్ చేసినవారు తమది ఒక్క మెథడేననుకుంటారు, నిజానికి వారు ఆ క్లాసు మొత్తం లోపలి నడక మీద ఆధారపడ్డారు. వచ్చేవి మెరుగులన్నారు. వాటిలో ఏది తమను కూలుస్తుందో వారికీ తెలియదు, మాకూ తెలియదు.

అప్లికేషన్ మనిషి: తమదేనని తెలిసిన ఆ కాపీలో మూడేళ్ల తర్వాత సెక్యూరిటీ లోపం బయటపడుతుంది. లైబ్రరీలో సాయంత్రానికి సరిచేస్తారు. కాపీ చేసినవారు అప్పటికి ఉద్యోగం మారి ఉంటారు. ఆ ఫైలును ఎవరు తెరుస్తారో చెప్పండి.